ఆచార్య రంగా అడిగిన ప్రశ్న



పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ప్రశ్నోత్తరాల సమయం అనే మాట మీరు వినే ఉంటారు. లోక్‌సభలో సాధారణంగా మొదటి గంటను అందుకే కేటాయిస్తారు. ప్రజలు ఎన్నుకున్న సభ్యుడు లేచి అడుగుతాడు, మంత్రి జవాబు చెప్పాలి. ఆ జవాబు సభా రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతుంది. చర్చలో అడిగిన ప్రశ్నకైనా అంతే. తగినంత బలం ఉన్న ప్రభుత్వం ఏ బిల్లునైనా నెగ్గించుకోగలదు గాని, తాను ఒకసారి చెప్పిన మాటను లేదనిపించుకోలేదు. ఈ సంగతి విలువ బాగా ఎరిగిన తెలుగు వారు ఆచార్య ఎన్.జి. రంగాగారు. ఈ వారం ఆయన జీవితాన్ని కాస్త తెలుసుకుందాం.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివి, అక్కడి నుంచి ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రంలో పట్టా పొందారు. తిరిగివచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఊళ్లో తమ మంచినీళ్ల బావిని హరిజనులకు తెరిచారు. ఆ రోజుల్లో అది ఇంటివాళ్లతోనూ కులంవాళ్లతోనూ తగవు తెచ్చుకునే పని అని మీకు వేరే చెప్పనక్కరలేదు.

1930లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆనాటి సభలో సభ్యుడి నోటికి చాలా కట్లు ఉండేవి. బ్రిటిషు ప్రభుత్వానికి పరదేశాలతో గల సంబంధాల గురించి ప్రశ్న వేయడానికి నిబంధనలే ఒప్పుకొనేవి కావు. మన సైనికులను ఏ దేశం మీదికి పంపుతారో, ఎవరితో ఏ ఒప్పందం చేసుకుంటారో అడిగే హక్కు మనకు లేదన్నమాట. రంగాగారు సభలో చెప్పగలిగినది చెబుతూనే, బయట జమీందారీ రైతులను కూడగట్టారు. జైళ్లకు వెళ్లారు. భార్య భారతీదేవిగారు కూడా ఆ పోరాటంలో జైలుపాలయ్యారు. నిడుబ్రోలులో రైతులకోసం ఒక పాఠశాల పెట్టి, రైతుబిడ్డలకు రాజకీయాలు, అర్థశాస్త్రం నేర్పించారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ఆయన ఒకరు.

రాజ్యాంగ సభలో మైనారిటీల రక్షణ గురించి చర్చ వచ్చినప్పుడు ఆయన ఒక విలక్షణమైన మాట చెప్పారు. ఈ దేశంలో అసలైన మైనారిటీలు పల్లెల్లో అణగారిపోయిన కోట్లాది సామాన్యులేనని ఆయన వాదన. లెక్కకు వాళ్లే ఎక్కువ, అయినా వాళ్ల మాట చెల్లదు. ఎవరి బతుకు గురించి నిర్ణయిస్తున్నామో వాళ్లను అడిగామా అనే ఈ ఒక్క ప్రశ్నే ఆయన జీవితమంతా వేర్వేరు రూపాల్లో వినిపించిందని నాకు తోస్తుంది. రెండు సందర్భాలు మీ ముందుంచుతాను. ఒకటి పరాయి దేశానికి సంబంధించినది, ఒకటి మన పొలాలకు సంబంధించినది.

1950 అక్టోబరులో చైనా సైన్యం టిబెట్టులో ప్రవేశించింది. డిసెంబరులో మన పార్లమెంటులో విదేశీ వ్యవహారాలపై చర్చ జరిగింది. ప్రధాని నెహ్రూగారు తన ప్రసంగంలో టిబెట్టుపై చైనాకు ఒక రకమైన ఆధిపత్యం ఉందన్నట్టు ప్రస్తావించారు. రంగాగారు అప్పటికి కాంగ్రెసు సభ్యులే. అయినా ఆ మాటను ఊరకే పోనివ్వక అభ్యంతరం చెప్పారు. మరునాడు నెహ్రూగారు ఆయన పేరెత్తి జవాబిచ్చారు. తాను వాడిన మాటకు పైపై ఆధిపత్యమనే అర్థం గాని పూర్తి సార్వభౌమాధికారమని కాదని వివరించారు. అంతటితో ఆగక, టిబెట్టు విషయంలో చివరి మాట టిబెట్టు ప్రజలదే కావాలి గాని మరెవరిదీ కాదని కూడా సభలో చెప్పారు.

నాలుగేళ్లు గడవకముందే, 1954 ఏప్రిల్ 29న, మన ప్రభుత్వం చైనాతో ఒప్పందం కుదుర్చుకుంది. పంచశీల సూత్రాలు మొదట కనిపించినది ఆ ఒప్పందంలోనే. దానిలో టిబెట్టును చైనాలోని ఒక ప్రాంతంగానే పేర్కొన్నారు. ఒప్పందం చేసుకున్నవారు టిబెట్టు ప్రజల మాట ఏమిటని అడగలేదు. 1959లో దలైలామా ప్రాణాలు దక్కించుకొని మన దేశానికి వచ్చారు. 1962లో చైనా సేనలు మన సరిహద్దు దాటాయి. 1950 నాటి అభ్యంతరం ఆ సేనలను ఆపలేదు, నిజమే. కాని ప్రభుత్వం మొదట ఏమి చెప్పిందో, తరువాత ఏమి చేసిందో పక్కపక్కన పెట్టి చూడడానికి మనకు ఈనాటికీ ఆధారం మిగిలింది. ఆ ఆధారం అలాంటి అభ్యంతరాల వల్లనే మిగిలింది.

ఇక రెండవది. రంగాగారు 1951లో కాంగ్రెసు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955లో తిరిగి కాంగ్రెసులోకి వచ్చి, 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. చిన్న చిన్న కమతాలను కలిపి అందరూ ఒక్కటిగా సాగు చేస్తే పంట పెరుగుతుందని పెద్దల ఆలోచన. ఆ ఉద్దేశం చెడ్డదని ఎవరూ అనలేరు. కాని రెండెకరాల రైతుకు ఆ రెండెకరాలే ధైర్యం, పరువు, పిల్లల పెళ్లి. గట్టు చెరిపే ముందు ఆ రైతును అడిగారా? రంగాగారు ఇదే నిలదీసి కాంగ్రెసు నుంచి బయటికి వచ్చారు. ఆ ఏడాదే రాజాజీగారు తదితరులతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించి దానికి అధ్యక్షులయ్యారు. 1962 ఎన్నికల్లో తెనాలి ఆయనను ఓడించింది. ఉపఎన్నికలో చిత్తూరు ఆయనను మళ్లీ లోక్‌సభకు పంపింది. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీగారు నెహ్రూ ప్రభుత్వంపై మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం తెచ్చినప్పుడు అనుకూలంగా 62 ఓట్లు, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చాయి. ఆ 62 మంది ఓడిపోయారు. కాని దేశంలో నిర్బంధ ఉమ్మడి వ్యవసాయం రాలేదు. గట్టు ఎక్కడిదక్కడే ఉంది.

రంగాగారి జీవితంలో మనం ప్రశ్నించవలసినవీ ఉన్నాయి. జమీందారులతో పోరాడిన మనిషి, జమీందారులూ సంస్థానాధీశులూ చేరిన పార్టీకి నాయకత్వం వహించారు. కాంగ్రెసును రెండుసార్లు విడిచి, రెండుసార్లూ తిరిగి చేరారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి. గట్టు ఉన్న రైతు గురించి ఆయన గట్టిగా అడిగారు. గట్టే లేని కూలీ మాట ఏమిటి? మన విచారణల్లో ఎన్నో కుటుంబాల తాతముత్తాతలు ఒకరి పొలంలో చేసినవారే. ఆ కుటుంబాలకు రంగాగారి రాజకీయం పూర్తి జవాబు ఇవ్వలేదు. ఈ మాట అనడం ఆయనను తక్కువ చేయడం కాదు. నెహ్రూగారిని ఆయన గౌరవిస్తూనే అడిగారు. మనమూ ఆయనను అలాగే అడగవచ్చు.

తరువాతి కాలంలో గుంటూరు ప్రజలు 1980, 1984, 1989లలో ఆయనను లోక్‌సభకు పంపారు. 1930లో మొదలైన ఆయన చట్టసభల జీవితం మధ్యమధ్య విరామాలతో 1991 దాకా సాగింది. ఇంతకాలం సభ్యత్వం చేసినందుకు ఆయన పేరు గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 1991లో పద్మవిభూషణ్ లభించింది. 1995 జూన్‌లో, 94 ఏళ్ల వయసులో, కన్నుమూశారు. మరుసటి ఏడాది రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయిన తరువాత ఆ పేరుగల విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాం కేంద్రంగా నడుస్తోంది.

మన రావల్కోల్, మేడ్చల్, శామీర్‌పేట వైపు పొలాలు ప్లాట్లవుతున్నాయి. గట్ల స్థానంలో హద్దురాళ్లు లేస్తున్నాయి. అభివృద్ధి వద్దని నేను అనడం లేదు. కాని గ్రామసభకు పిలుపు వచ్చినప్పుడు, మనకెందుకులే అని ఇంట్లో కూర్చోకండి. వెళ్లండి, లేచి అడగండి. చెరువుకు వచ్చే కాలువ ఏమవుతుంది? కౌలు చేసుకునేవాడు, కూలికి వెళ్లే తల్లి ఎక్కడికి పోవాలి? మర్యాదగా అడగండి, జవాబును కాగితం మీద రాయించండి. ఆ రోజు మీ మాట నెగ్గకపోవచ్చు. కాని రేపు మీ పిల్లలు ఆ కాగితం తీసి చూపించి, మీరు ఆపిన చోటి నుంచి మళ్లీ అడగగలుగుతారు.