వెదురు బద్దతో దారి కొలిచినవాడు

కృష్ణ ఒడ్డు ఊళ్ళవాళ్ళకు బల్లకట్టు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మిరపకాయల బండి అవతలి ఒడ్డుకు పోవాలంటే మా తాత ముందురోజే రేవుకు పోయి నీళ్ళెంత ఉన్నాయో, అవతల బురద ఎంత ఉందో కనుక్కొని వచ్చేవాడు. ఇరుసుకు కందెన, ఎద్దులకు మేత, చేతిలో చిల్లర అన్నీ రాత్రికే సిద్ధం. చిన్నప్పుడు అదంతా నాకు చాదస్తంగా కనిపించేది. పెకింగు నుంచి పారిస్ దాకా కారులో వెళ్ళిన ఒక ఇటలీ రాజవంశీకుడి కథ తెలిశాక గానీ మా తాత చాదస్తం విలువ నాకు తెలిసిరాలేదు.

ఆయన పేరు షిపియోనె బోర్గేజె. 1871లో పుట్టాడు. రోములో బోర్గేజె వంశం చాలా పెద్దది. అందులో ఒకాయన పోపు కూడా అయ్యాడు. అంత సంపదలో పుట్టినా ఈయన మేడలో కూర్చునే మనిషి కాదు. కొండలెక్కడం, గుర్రపుస్వారీ, దూరదేశాలు తిరగడం ఆయనకు ప్రాణం. 1900లోనే ఆసియా ఖండాన్ని అడ్డంగా దాటి, ఆ అనుభవాలతో పుస్తకం రాశాడు. రాడికల్ పార్టీ తరఫున ఇటలీ పార్లమెంటులోనూ కూర్చున్నాడు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ లెక్క చూసేవాడు.

1907 జనవరి 31న పారిస్‌లోని ల మతాన్ పత్రిక ఒక సవాలు విసిరింది. పెకింగు నుంచి పారిస్‌కు కారులో రాగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. కారు ఇంకా పసిబిడ్డగా ఉన్న రోజులవి. మంచి రోడ్డు మీదే నాలుగు మైళ్ళకొకసారి మొరాయించేది. ఇక గోబీ ఎడారిలో రోడ్డెక్కడిది? దాదాపు 40 మంది పేర్లిచ్చారు. చివరకు పెకింగు చేరినవి అయిదు బండ్లే: బోర్గేజె ఇటాలా కారు, ఒక డచ్చి స్పైకరు, రెండు ఫ్రెంచి డి డియోన్ కార్లు, కొంటాల్ అనే చిన్న మూడుచక్రాల బండి.

బోర్గేజె గెలుపు రహస్యం బయలుదేరిన తర్వాత కాదు, బయలుదేరక ముందే ఉంది. ఎడారిలో పెట్రోలు దొరకదు కనుక, ఒంటెల మీద పెట్రోలు, నూనె ముందుగానే పంపించి దారి పొడుగునా మజిలీల్లో నిలవచేయించారు. కారు మడ్‌గార్డులుగా పొడవాటి రేకులు బిగించారు. గుంట అడ్డం వస్తే వాటిని ఊడదీసి వంతెనలాగా పరవవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకొకటి. పెకింగుకు ఉత్తరాన కొండల్లో దారి బాగా ఇరుకు. ఎవరిని అడిగినా కారు పడుతుందో పట్టదో చెప్పలేకపోయారు. వాళ్ళెవరూ కారులో పోయినవాళ్ళు కాదుగదా! బోర్గేజె కారు వెడల్పుకు సరిగ్గా ఒక వెదురు బద్ద కోయించుకొని, గుర్రమెక్కి ఆ కనుమలన్నీ తిరిగి, ఇరుకుగా ఉన్న ప్రతిచోటా బద్ద అడ్డంపెట్టి చూసుకున్నాడు. కూలీలతో కొలిపించగల స్తోమతు ఉన్నవాడు తానే కొలిచాడు. లాబొరేటరీలో పక్కవాడి రీడింగులు చూసి రికార్డు రాసే మనబోటివాళ్ళకు ఈ ఒక్క పాఠం చాలు.

ఆయనతో వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు పత్రికా విలేఖరి లుయీజీ బార్జీని. రెండోవాడు మెకానిక్కు ఎత్తోరె గ్విజ్జార్ది. అతని తండ్రి రైలింజను డ్రైవరు. బోర్గేజె ఇంటి దగ్గర జరిగిన రైలు ప్రమాదంలో తండ్రి చనిపోతే, గాయపడ్డ కుర్రవాణ్ణి బోర్గేజె చేరదీశాడు. తర్వాత యంత్రాల పని నేర్పించాడు. దారిలో కారు స్టీరింగు ఎక్కువగా ఈ గ్విజ్జార్ది చేతిలోనే ఉంది.

1907 జూన్ 10న బయలుదేరారు. కొండల్లో కారును ఇంజను లాగలేదు; మోకులు కట్టి కూలీలు, పశువులు లాగారు. తర్వాత గోబీ. అక్కడ ఒక తంతి ఆఫీసు నుంచి బార్జీని వార్త పంపిస్తే, రసీదు మీద ఒకటో నంబరు పడింది. తెరిచిన ఆరేళ్ళలో అదే మొదటి తంతి అట!

అదే ఎడారిలో చెప్పకూడని సంగతి కూడా ఒకటి జరిగింది. మూడుచక్రాల బండివాడు ఓగ్యుస్త్ పోన్స్‌కు పెట్రోలు అయిపోయింది. మిగతా కార్లు ముందుకు సాగిపోయాయి. బోర్గేజె కూడా ఆగలేదు. పోన్స్, అతని మెకానిక్కు నీళ్ళులేక చావు అంచుదాకా పోతే, అక్కడి సంచారజాతివాళ్ళు కాపాడారు. ఇంటి దగ్గర అతనికి చిన్నకూతురు ఉంది. తర్వాత లోకమంతా మెచ్చిన గాయని లిలీ పోన్స్ ఆ పిల్లే. ఎంత గొప్ప ప్లాను అయినా, అందులో తోటివాడి దాహానికి చోటు లేకపోతే ఏదో లోటు ఉన్నట్టే అని నాకనిపిస్తుంది.

మంగోలియాలో ఇరో నది అడ్డం వచ్చింది. వంతెన లేదు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో తడిస్తే ఇంజను మళ్ళీ పలకదు. అందుకని దాన్ని విప్పి పొడిగా దాచి, కారుకు ఎద్దులను కట్టి నీళ్ళలోంచి లాగించారు. ఇంజను ఎన్ని గుర్రాల బలమైతేనేం, ఒడ్డు చేర్చింది ఎద్దులే!

బైకాల్ సరస్సు దగ్గర లెక్క మరీ తప్పింది. ఒకప్పుడు రైళ్ళనే స్టీమరు మీద ఎక్కించి ఆ సరస్సు దాటించేవారు. 1904లో సరస్సు చుట్టూ రైలుమార్గం పూర్తయ్యాక ఆ ఏర్పాటుకు పని తగ్గింది. పాత బండ్లబాట మీద చెక్క వంతెనలు పట్టించుకునేవాళ్ళు లేక పాడుబడ్డాయి. అలాంటి వంతెన ఒకటి విరిగి ఇటాలా వెనక్కు బోర్లాపడింది. రైల్వే కూలీలు వచ్చి మోకులతో, దూలాలతో పైకి తీస్తే, చిత్రం, ఇంజను మళ్ళీ స్టార్టయింది. చివరకు అధికారుల అనుమతి తీసుకొని రైలు పట్టాల మీదుగానే, స్లీపర్ల మీద ఎగురుకుంటూ కారు నడిపారు.

సైబీరియాలో మహానదుల మీద రైలుకు వంతెనలున్నాయి గానీ బండ్లకు లేవు. బండ్లన్నీ బల్లకట్టు మీద దాటవలసిందే. గుర్రబ్బండ్ల కోసం కట్టిన బల్లకట్టు మీదికి ఇంత బరువు కారు ఎక్కించడం మాటలు కాదు. ఒక అంచున బరువు పడితే ఆ అంచు మునుగుతుంది, నడిమధ్యకు చేర్చాలి. ఫిజిక్సు పుస్తకంలో తేలే వస్తువుల పాఠం మనం మార్కుల కోసం చదువుతాం. సైబీరియా రేవు పడవవాడికీ, మా ఊరి రేవు పడవవాడికీ అది చదవకుండానే వచ్చు.

ఉరల్ కొండలు దాటాక కారు చక్రం ఆకులు వదులయ్యాయి. పెర్మ్ పట్టణంలో ఆ చక్రాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టారు, కొయ్య ఉబ్బి బిగుసుకుంటుందని. ఎండాకాలంలో మా నాయన బండి చక్రాన్ని చెరువులో పడేసేదీ అందుకే. కానీ కొంత దూరం పోయాక అది పూర్తిగా విరిగింది. అప్పుడు ఒక రష్యన్ పల్లెటూరి వడ్రంగి దొరికాడు. గొడ్డలి తప్ప చెప్పుకోదగ్గ పనిముట్టు లేదు. ఆ గొడ్డలితోనే కొత్త చక్రం చెక్కి ఇచ్చాడు. కారు కదిలింది.

మాస్కో నుంచి నేరుగా పడమరకు పోకుండా బోర్గేజె సెంట్ పీటర్స్‌బర్గుకు చుట్టుతిరిగి విందు కూడా ఆరగించాడు. అయినా 1907 ఆగస్టు 10న పారిస్‌లో అడుగుపెట్టాడు. రెండు నెలల్లో దాదాపు 15 వేల కిలోమీటర్లు. తర్వాతి కార్లు వచ్చింది ఆగస్టు 30న. బార్జీని రాసిన పుస్తకం అనేక భాషల్లోకి వెళ్ళింది. ఇటాలా కారు టూరిన్ మ్యూజియం చేరింది. బోర్గేజె 1927లో కన్నుమూశాడు.

చరిత్రలో ఆయన పేరే పెద్దక్షరాలతో ఉంది. ఆ గౌరవానికి ఆయన తగినవాడే, ఎందుకంటే కొలవగలిగినదంతా తానే కొలుచుకున్నాడు. కానీ వెదురు బద్దకు అందనివి కూడా దారిలో ఉంటాయి. అక్కడ ఆదుకున్నవాళ్ళు గ్విజ్జార్ది, ఎద్దులను తోలినవాడు, రైల్వే కూలీలు, బల్లకట్టు పడవవాళ్ళు, గొడ్డలి పట్టిన వడ్రంగి. పరీక్షలు రాసి, ఉద్యోగాలకు, పైచదువులకు దూరదేశాలు బయలుదేరే మనం ముందురోజే రేవుకు పోయి నీళ్ళు చూసుకుందాం. అవతలి ఒడ్డు చేరాక మాత్రం, దాటించినవాళ్ళను మరిచిపోకుండా ఉందాం.