కండర శక్తి రహస్యాన్ని విప్పిన తెలుగు మేధావి - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన నూజెండ్ల పరిసర గ్రామాలలో మాఘ ఫాల్గుణ మాసాలు వచ్చాయంటే మిరపకోతల కాలం. తెల్లవారకముందే స్త్రీలు చద్దిమూట కట్టుకొని చేలకు బయలుదేరుతారు. సాయంకాలం వరకు వంచిన నడుము ఎత్తకుండా కాయలు కోస్తారు, ఇంటికి వచ్చి మరల బిందె చంకనెత్తుకుంటారు. ఇంత శ్రమకు ఓర్చిన దేహాన్ని గురించే మన సమాజంలో ఒక వింత నమ్మకం పాతుకొని ఉన్నది. ఆడపిల్ల ఈడేరిన పిమ్మట పరుగులు, ఆటలు ఆమె ఒంటికి పడవట! మా ఆపా పాఠశాలలో కబడ్డీ చక్కగా ఆడేది. పదమూడవ యేట ఆమె ఆట ఆగిపోయింది. చేలో కూలి మాత్రం ఆగలేదు. ఆటకు చాలని దేహం కూలికి ఎట్లా చాలిందన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. దానికి సమాధానం వెదకుతూ చదివిన పుస్తకాలలో నాకు మరల మరల ఎదురైన పేరు ఒక తెలుగువానిది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. కుటుంబాన్ని లేమి వెన్నాడుతూ ఉండేది. బాలుడైన సుబ్బారావు ఒకమారు వారణాసి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి వెళ్ళాడు. పట్టి వెనుకకు తెచ్చి, చదువు తప్ప వేరు దారి లేదని నిశ్చయించినది తల్లి. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు పర్యాయాలు పట్టింది. పరీక్ష తప్పి దిగులుతో ఉన్న విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్న రోజులలో గాంధీజీ పిలుపు నందుకొని ఆయన ఖద్దరు ధరించారు. శస్త్రచికిత్సా విభాగంలో సైతం ఖద్దరు దుస్తులతోనే కనిపించడం ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపయింది. ఫలితంగా పూర్తి వైద్యపట్టా చేజారి, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యత మాత్రమే దక్కింది. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహం జరిగింది. ఆయన చదువుకు అండగా నిలిచినవారు ఆ మామగారే. ఇంతలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే గ్రహణివ్యాధికి ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులు బలియైనారు. సుబ్బారావు తానూ ఆ వ్యాధి పాలబడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు. ఆ మృత్యువు మూలమేమిటో తెలుసుకొనాలన్న పట్టుదలే ఆయనను 1920 దశాబ్దపు తొలి సంవత్సరాలలో సముద్రాలు దాటించి అమెరికాలోని బోస్టన్ నగరానికి చేర్చింది.

అక్కడ ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందారు. పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు ఎత్తిపోసే కొలువు చేశారు. పిదప హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద పరిశోధనకు కుదిరారు. దేహద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో నీలవర్ణపు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని వారిరువురూ 1925లో ప్రకటించారు. ఈ పద్ధతి ప్రపంచమంతటి ప్రయోగశాలలలో వారిరువురి పేర్లతోనే స్థిరపడింది.

కండరం నుండి తీసిన రసాన్ని ఈ పద్ధతిలో పరీక్షించగా ఒక విచిత్రం కనిపించింది. నీలిరంగు రావలసినంత వేగంగా రాక, మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే ప్రయోగంలో పొరపాటని తోసివేసి ఉండేవారేమో! వీరు మాత్రం దాని వెంట నడిచారు. త్వరగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం కండరంలో దాగి ఉన్నదని గుర్తించి, 1927లో దానిని లోకానికి తెలియజేశారు. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పని చేసినప్పుడు అది తరుగుతుంది. విశ్రాంతి లభించగానే మరల నిండుతుంది. 1929లో వీరు ఏ.టి.పి. అనే మరొక పదార్థాన్ని కూడా కండరం నుండి వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ సైతం దానిని కనుగొన్నారు. కండరం ముడుచుకొనడానికి నేరుగా ఖర్చయ్యే నాణెం ఏ.టి.పి. అనుకొంటే, ఆ నాణెం చెల్లిపోగానే క్షణంలో మరల అందించే చేతిపెట్టె ఫాస్ఫోక్రియాటిన్. అంతకు పూర్వం కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమని పండితులు భావించేవారు. ఆ సిద్ధాంతం ఈ పరిశోధనలతో కదలిపోయింది.

ఇక్కడ ఒక చారిత్రక విశేషం గమనింపదగినది. సరిగా ఆ రోజులలోనే, అనగా 1928లో, ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్ క్రీడలలో స్త్రీలు తొలిసారిగా 800 మీటర్ల పరుగులో పాల్గొన్నారు. స్త్రీ శరీరం అంత శ్రమకు తట్టుకోజాలదన్న వాదం పైచేయి కావడంతో ఆ పరుగును వారికి నిషేధించారు. 1960 వరకు అది తిరిగి రాలేదు. మా ఆపాకు ఎదురైన మాటే పశ్చిమ దేశాల విద్యావంతుల నోటా వెలువడిందన్నమాట! ఒకచోట ప్రయోగశాల కండరంలోని శక్తిమార్గాన్ని వెలికితీస్తూ ఉండగా, మరొకచోట పాత నమ్మకం పరుగుబాటను మూసివేసింది.

సుబ్బారావుగారు కనుగొన్న శక్తిమార్గం స్త్రీ పురుషులకు ఉమ్మడి. బరువులెత్తడం వంటి కొద్ది క్షణాల తీవ్రశ్రమకు ముఖ్యాధారం ఫాస్ఫోక్రియాటినే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విధాల ఎత్తులలో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయినప్పుడు, ఆమె కండరాలలో వెలిగినది ఈ భీమవరం బిడ్డ గుర్తించిన ఇంధనమే.

అయితే స్త్రీ దేహంలోని హార్మోనులకు వ్యాయామంతో సంబంధమే లేదా? ఉన్నది. కానీ అది మనవారు భయపడిన విధంగా లేదు. ఈస్ట్రోజెన్ ప్రభావంవల్ల దీర్ఘశ్రమలో స్త్రీ కండరం పురుషుని కండరం కంటె కొవ్వును ఎక్కువగా, పిండిపదార్థపు నిల్వను తక్కువగా వాడుకొంటుంది. ఇది ఓర్పుకు తోడ్పడే గుణం. అదే హార్మోను ఎముకలకు రక్ష. ఋతుచక్రపు ఉత్తరార్ధంలో ప్రొజెస్టిరాన్ దేహోష్ణాన్ని సుమారు అర డిగ్రీ వరకు పెంచుతుంది. కనుక ఎండలో పనిచేసేవారు ఆ దినాలలో నీరు, నీడ మరింత గమనించుకోవాలి. నెలలోని దశలనుబట్టి ఆటలో శక్తి మారడం సగటున స్వల్పమే, అదీ మనిషి మనిషికీ వేరు. తిండి చాలక శ్రమ మితిమీరినప్పుడు మాత్రం ఈస్ట్రోజెన్ తగ్గి, ఋతుక్రమం ఆగి, ఎముక పలుచబడుతుంది. తీసివేయవలసినది ఆట కాదు, ఆకలి.

సుబ్బారావుగారి జీవితంలోని రెండవ ఘట్టం ఈ ఆకలితోనే ముడివడి ఉన్నది. 1930లో పిహెచ్.డి. పట్టా పొందినా హార్వర్డులో శాశ్వతమైన స్థానం ఆయనకు లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధనాధిపతి అయినారు. అంతకు పదేళ్ళ క్రితం లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం దానిని కుదురుస్తున్నదని 1931లో తెలిపారు. ఆ అజ్ఞాత పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1945 నాటికి సుబ్బారావుగారి బృందం దానిని కృత్రిమంగా తయారుచేయగలిగింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా అది మందయింది. ఫైలేరియాకు హెట్రజాన్, రక్తకేన్సరు చికిత్సకు దారిచూపిన అమినాప్టెరిన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవినాశిని ఆయన నాయకత్వాన వెలువడినవే.

1948 ఆగస్టులో ఒక రాత్రి న్యూయార్కులో నిద్రలోనే గుండె ఆగి ఆయన కన్నుమూశారు. అప్పటికి వయస్సు 53. స్వదేశానికి మరల రాలేదు. పసితనంలోనే పోయిన కుమారుని చూడలేదు, శేషగిరిగారు భర్తను తిరిగి చూడలేదు. ఆ మహత్కార్యానికి మూల్యం చెల్లించిన ఆ ఇల్లాలిని కూడా మనం స్మరించుకొనాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనుబట్టి మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. రక్తం పలుచనైతే కండరానికి ప్రాణవాయువు అందదు. అప్పుడు నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. చూసినవారు ఆడదాని ఒళ్ళు అంతేనంటారు. ప్రకృతి ఇచ్చిన దేహానికీ, లేమి చేసిన దేహానికీ గల ఈ భేదం తెలియకనే మా ఆపా వంటి ఎందరి ఆటో ఆగిపోయింది.

ప్రియమైన విద్యార్థినులారా! బడులలో వారానికొకటి చొప్పున ఇచ్చే నీలిరంగు మాత్రను ప్రహరీగోడ అవతలకు విసరివేయడం నేను కన్నులారా చూశాను. అందులో ఇనుముతో పాటు ఉన్నది సుబ్బారావుగారి బృందం రూపొందించిన ఫోలిక్ ఆమ్లమే. దానిని భోజనం తరువాత మ్రింగండి. ఆటస్థలానికి ధైర్యంగా రండి. మూడవసారికి మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆ భీమవరం బాలునికి మనం అర్పించదగిన నివాళి అంతకు మించి లేదు.