నల్లంచి ఇంటిపేరు వెతికిన డాక్టరు

పెరటి గోడ మీద వాలి, తోక నిక్కబొడుచుకుని అటూ ఇటూ గెంతే చిన్న నల్లపిట్టను మీరు చూసే ఉంటారు. రెక్క మీద తెల్లమచ్చ, తోక మొదట్లో కింద ఇటుక రంగు. ఆడపిట్టయితే మట్టిరంగులో ఉంటుంది. గోడ కన్నమో, పగిలిన కుండో, ఎవరూ ముట్టని పాత డబ్బానో దొరికితే చాలు, గూడు పెట్టేస్తుంది. అదే నల్లంచి. ఇంగ్లిషులో ఇండియన్ రాబిన్.

ఈ బుజ్జిపిట్టకు దగ్గరి చుట్టాలెవరు, ఏ వంశంలో పుట్టింది అని తేల్చడానికి శాస్త్రజ్ఞులకు రెండున్నర శతాబ్దాలు పట్టిందంటే నమ్ముతారా? ఆ లెక్క తేల్చడానికి మన దేశంలో గట్టిగా పూనుకున్నవాళ్లలో ఒకరు నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన ఓ ఇంగ్లిషాయన. పేరు థామస్ కావెర్‌హిల్ జెర్డాన్. కడప అడవుల కలివికోడిని ఇంగ్లిషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారే, ఆ జెర్డాన్ ఈయనే.

జ్వరాల నుంచి పిట్టల దాకా

జెర్డాన్ 1811లో ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో పుట్టారు. ఎడింబరోలో చదువుకున్నారు. ఈస్టిండియా కంపెనీలో అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగం రావడంతో 1836లో మద్రాసులో ఓడ దిగారు. మొదట గంజాం వైపు పంపారు. జ్వరాలతో మంచాన పడ్డ సైనికులకు వైద్యం చేయడం ఆయన పని. ఆ తర్వాత గుర్రపు దళంలో డాక్టరుగా దక్కన్ అంతా తిరిగారు. పగలు రోగులు, తీరిక దొరికితే పిట్టలు.

దొరికిన పిట్టల చర్మాలను జాగ్రత్తగా ఎండబెట్టి, పేర్లు కనుక్కోవడానికి విలియం జార్డిన్ అనే పెద్ద పండితుడికి బ్రిటన్ పంపించారు. తీరా అవి చేరేసరికి పురుగులు కొట్టేసి దేనికీ పనికిరాకుండా పోయాయి. ఎంత కష్టం! మరొకరైతే అంతటితో మానేసేవారేమో. జెర్డాన్ మాత్రం ఇక ఎవరి మీదా ఆధారపడకూడదని, తన కళ్లనే నమ్ముకున్నారు. 1839 నుంచి మద్రాసు పత్రికలో దక్షిణాది పక్షుల జాబితా అచ్చువేశారు. అందులో 420 రకాలున్నాయి. అంతకుముందు కల్నల్ సైక్స్ ఇచ్చిన జాబితాకు ఇది దాదాపు రెట్టింపు.

నెల్లూరు సివిల్ సర్జన్

1841లో ఫ్లోరా మెక్‌లియోడ్‌తో ఆయనకు పెళ్లయింది. తర్వాత నెల్లూరులో సివిల్ సర్జన్‌గా వేశారు. తూర్పు కనుమల అడవులు చెంతనే. ఆ అడవిని చేతిగీతల్లా ఎరిగిన యానాదుల దగ్గర కూర్చుని, పిట్టల గురించీ జంతువుల గురించీ అడిగి తెలుసుకున్నారు. ఆ రోజుల్లో ఓ దొర ఇలా అడిగి నేర్చుకోవడం చిన్న విషయం కాదు. కానీ చెప్పినవాళ్లెవరో పేరు పేరునా చరిత్రకెక్కలేదు. అదొక లోటే.

1843 నుంచి 1847 వరకు మద్రాసులో ఆయన తెచ్చిన పుస్తకంలో 50 రంగుల బొమ్మలున్నాయి. వాటిలో చాలావరకు మన దేశపు చిత్రకారులు వేసినవే. తర్వాత తలచేరికి, అక్కణ్నుంచి సాగర్‌కి బదిలీలు. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రోత్సాహంతో ప్రత్యేక డ్యూటీ మీద పుస్తకం రాసే వీలు చిక్కింది. అలా 1862-64 మధ్య వచ్చిందే బర్డ్స్ ఆఫ్ ఇండియా. 1008 రకాల పక్షులు! అడవికి వెళ్లేవాళ్లు గ్రంథాలయం మొత్తం మోసుకెళ్లలేరు కదా, ఒక్క పుస్తకం చేతిలో ఉంటే చాలన్నది ఆయన ఆలోచన.

ఇంటిపేరు, సొంతపేరు

పిట్టలకు శాస్త్రజ్ఞులు పెట్టే పేరు అచ్చం మన తెలుగువాళ్ల పేరులాగే ఉంటుంది. ముందు ఇంటిపేరు, తర్వాత సొంతపేరు. ఈ పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్. 1766లో మన నల్లంచికి ఫులికాటా అని సొంతపేరు పెట్టింది ఆయనే. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది, చివరి అక్షరంలో కాస్త మార్పు తప్ప. మారుతూ వచ్చిందల్లా ఇంటిపేరే.

ఎందుకు మారుతుంది? జెర్డాన్ కాలంలో ముక్కు ఎలా ఉంది, కాళ్లు ఎంత పొడుగు, రెక్కలో ఈకల వరస ఏమిటి, గుడ్డు రంగేమిటి అని చూసి చుట్టరికం కట్టేవారు. రూపం ఒక్కోసారి మోసం చేస్తుంది. ఒకేలాంటి చోట బతికితే, ఒకేలాంటి తిండి తింటే, ఏ సంబంధమూ లేని పిట్టలు కూడా కవలల్లా కనిపిస్తాయి. ఇంగ్లండు నుంచి వెళ్లినవాళ్లు అమెరికాలో ఎర్రరొమ్ము పిట్టను చూసి తమ ఊరి రాబిన్ అనేసుకున్నారు. నిజానికి అది త్రష్ జాతి పిట్ట.

జెర్డాన్ ఈ రాబిన్‌లనూ, చాట్ అనే పిట్టలనూ వార్బ్లర్ల కుటుంబంలో వేశారు. తర్వాతి పండితులు కాదు కాదంటూ త్రష్‌ల ఇంట్లో చేర్చారు. చాలా ఏళ్లు పుస్తకాల్లో అలాగే సాగింది. చివరికి డీఎన్ఏ పరీక్షలొచ్చాక తేలిందేమిటంటే, ఇవి ఈ రెండు ఇళ్లవీ కావు, ఎగురుతూ ఈగల్ని పట్టుకునే ఫ్లైక్యాచర్ల కుటుంబానివి!

ఆయనకూ పొరపాట్లు జరిగాయి. ఉత్తరాదిలో నల్లంచి వీపు గోధుమరంగులో ఉంటుంది, దక్షిణాదిలో నల్లగా ఉంటుంది. జెర్డాన్ వీటిని రెండు జాతులుగా లెక్కేశారు. ఇప్పుడు ఒక్కటే అంటున్నారు. అలాగే పెద్ద నల్లంచి శాస్త్రీయ నామంలో సాలారిస్ అనే మాట ఉంది. లిన్నేయస్ సూర్యుడికి సంబంధించిన లాటిన్ మాట రాయబోయి తప్పు రాశాడని జెర్డాన్ అనుకున్నారు. అది కాదు, వంద పాటలు అనే అర్థమున్న హిందూస్థానీ మాట అని కలకత్తా మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ సరిదిద్దారు. ఆ పిట్టను అంతకు ఎంతో ముందే మద్రాసు కోటలోని బల్క్‌లీ అనే మరో డాక్టరు ఇంగ్లండుకు పంపాడట. వేకువనే కరెంటు తీగ మీద కూర్చుని రాగాలు తీసే నలుపు తెలుపు పిట్ట అదే.

తెలుగు పేర్లలో ఉన్న చుట్టరికం

జెర్డాన్ చేసిన గొప్ప మేలు ఏమిటంటే, లాటిన్ పేర్ల పక్కనే తెలుగు పేర్లు కూడా రాసిపెట్టడం. నల్లంచి, పెద్ద నల్లంచి, తోక పొడుగ్గా ఉండే షామా పిట్టకు తోక నల్లంచి, ముళ్లకంప మీద కూర్చునే చాట్‌కి కంప నల్లంచి. ఆయన మాత్రం ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు ఇంటిపేర్లు ఇచ్చారు.

మరి డీఎన్ఏ ఏం చెప్పింది? 2010 ప్రాంతంలో వచ్చిన అధ్యయనాల తర్వాత నల్లంచి, పెద్ద నల్లంచి, తోక నల్లంచి ముగ్గురికీ ఒకే ఇంటిపేరు ఖాయం చేశారు: కాప్సైకస్. కంప నల్లంచి అదే పెద్ద కుటుంబంలో మరో కొమ్మ. అంటే మన పల్లెల్లో పిట్టలు పట్టేవాళ్లు ఎప్పుడో ఒకే పేరుతో పిలిచినవాటిని శాస్త్రం ఇప్పుడు ఒకే గూటికి చేర్చిందన్నమాట. వాళ్లు రంగు, తోక చూసి పిలిచి ఉండొచ్చు. అయినా రోజూ చూసే కన్ను ఊరికే పోలేదు. ఆ పేర్లు జెర్డాన్ రాసిపెట్టకపోతే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు.

నీలిపిట్ట ఎన్ని ఇళ్లు మారింది!

నీలగిరి కొండల్లోని చిక్కటి షోలా అడవుల్లో నీలిరంగు వీపు, ఇటుకరంగు పొట్ట ఉన్న ఓ సిగ్గరి పిట్టను మొదట శాస్త్రానికి పరిచయం చేసింది జెర్డానే. మేజర్ అని సొంతపేరు పెట్టి, యూరప్‌లోని రెడ్‌స్టార్ట్‌ల ఇంటిపేరు తగిలించారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు కాలెని అన్నారు, బ్రాకిటెరిక్స్ అన్నారు, మయోమెలా అన్నారు. పాపం, ఏ ఇంటా కుదురుకోలేదు.

2017లో మన శాస్త్రజ్ఞులు దాని చిక్కు విప్పారు. పరిశోధన బృందానికి ముందు నిలిచినాయన పేరు కూడా రాబినే కావడం తమాషా! వి.వి. రాబిన్‌తో పాటు ఉమా రామకృష్ణన్, సుష్మా రెడ్డి, పూజా గుప్తా వంటి మహిళా శాస్త్రవేత్తలు ఆ బృందంలో ఉన్నారు. ఈ పిట్ట పేరుకే రాబిన్, రక్తసంబంధం మాత్రం ఫ్లైక్యాచర్లతో అని తేల్చారు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు కనుక షోలాల పేరుమీదే షోలికోలా అని కొత్త ఇంటిపేరు ఇచ్చారు. కొండకూ కొండకూ మధ్య లోయ అడ్డుపడి, ఇటు పిట్ట అటు పోలేక, మూడు వేర్వేరు జాతులయ్యాయనీ, వాటిలో అషాంబు కొండల పిట్ట కొత్తదనీ చెప్పారు.

పేరుతో ఏముంది అనకండి. మూడూ ఒకటే అనుకుంటే ఒక కొండ మీద అడవి పోయినా ఇంకో చోట ఉన్నాయిలే అనుకుంటాం. వేర్వేరని తెలిస్తే ఆ ఒక్క కొండ అడవే దాని ప్రాణం. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత జాడ లేక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికాకే దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

చివరి రోజులు

జెర్డాన్ 1867లో మన దేశపు క్షీరదాల మీద పుస్తకం తెచ్చారు. చీమలనూ పాములనూ కూడా వదల్లేదు. అదే ఏడాది బ్లైత్ ఈశాన్య గడ్డిభూముల్లో తిరిగే ఓ నలుపు తెలుపు చాట్‌కి జెర్డాన్ పేరు పెట్టి స్నేహం చాటుకున్నారు. 1868లో ఉద్యోగ విరమణ చేశారు. ఆరోగ్యం దెబ్బతిని 1870లో ఇంగ్లండు వెళ్లిపోయారు. 1872 జూన్ 12న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన కట్టిన చుట్టరికాలు చాలావరకు మారిపోయాయి. రాసిపెట్టిన పేర్లు మాత్రం మిగిలాయి. మీ ఇంటి గోడ మీద నల్లంచి వాలితే పిల్లలకు ఇండియన్ రాబిన్ అని చెప్పండి, తప్పులేదు. దాంతోపాటు నల్లంచి అని కూడా చెప్పండి. మన నోట్లో నానితేనే ఆ పేరు బతికేది.