కరువులో కాలువ తవ్వించిన క్లౌ దొర

నెల్లూరు బాప్టిస్టు మిషన్‌ను పాతకాలం వారు లోన్ స్టార్ మిషన్ అనేవారు, అంటే ఒంటి చుక్క. అమెరికా వారు 1836లో తెలుగువారి కోసం మొదలుపెట్టిన ఈ మిషన్‌కు ఏళ్ల తరబడి నెల్లూరు ఒక్కటే స్టేషను. చేరినవారు బహు కొద్దిమంది. మూసివేద్దామని పైవారు ఒకటికి మూడుసార్లు ఆలోచించారు. పోయిన సంవత్సరం మా మనవడితో ఆ ఆవరణ చూసి వచ్చాక, ఆ మిషన్‌ను నిలబెట్టిన జాన్ క్లౌ దొరగారి చరిత్ర చదివాను. రెవిన్యూ, పి.డబ్ల్యు.డి. మిత్రులకు నచ్చుతుందని రాస్తున్నాను.

ఆయన పుట్టింది కూడా 1836లోనే, న్యూయార్క్ రాష్ట్రంలో. కుర్రతనంలో సర్వే పార్టీలో గొలుసు పట్టి ఆ పని నేర్చారు. 1865లో నెల్లూరు వచ్చి, తెలుగు నేర్చుకుని, మరుసటి ఏడు ఒంగోలు వెళ్ళారు. అప్పట్లో ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోదే. ముందుగా వచ్చి చేరినవారు ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు. వారిని చేర్చుకుంటే మేము రామన్నారు పై కులాలవారు. దొర మాదిగలనే చేర్చుకున్నారు.

1876లో ధాత కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. చెన్నపట్నం నుంచి మన తీరం వెంట పెదగంజాం దాకా పోయే ఆ కాలువే. పనిలో మాదిగలను మేస్త్రీలు సరిగా చూసేవారు కాదు. దొర మూడున్నర మైళ్ళు తానే కాంట్రాక్టు తీసుకుని, కొలతలు తానే చూసుకుని, తన బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. వేలమంది అక్కడ తట్ట మోసి ప్రాణం నిలుపుకున్నారు. కరువు పనుల మస్టర్లు నేనూ రాశాను. చెప్పిన కూలి చెప్పినట్టు చేతికి ముట్టించడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా, కరువు సాయం సాగిన పదిహేను నెలలూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట పడకూడదని. నాకు ఆయనలో బాగా నచ్చినది ఇదే. సాయం ఆపాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. పొట్ట కోసమే అన్నవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఇక గింజ కూడా రాదని తెలిసి నడిచి వచ్చినవారిని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు.

దొర 1910 నవంబరులో అమెరికాలోని రాచెస్టర్‌లో పోయారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోకి మారి ఆరేళ్ళయింది.