వెలికి వెరవని వీరేశలింగం

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు బాల వితంతువు. గొడవలు జరుగుతాయన్న భయంతో పోలీసు బందోబస్తు పెట్టవలసి వచ్చింది. ఆ పెళ్ళి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. నాలుగో ఏటనే తండ్రి గతించారు. కష్టపడి చదువుకుని ఉపాధ్యాయులయ్యారు. 1874లో 'వివేకవర్ధని' పత్రికను, అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను ప్రారంభించారు. తరువాత రాజమండ్రి కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు.

వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. కాని పాతికేళ్ళయినా ఈ ప్రాంతంలో ముందుకు వచ్చినవారు లేరు. చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోలేదు. పైగా మారు మనువు చేసుకుంటే మొదటి భర్త ఆస్తిపై హక్కు పోతుందని ఆ చట్టంలోనే ఉంది. కూతురికి మళ్ళీ పెళ్ళి చేస్తే మిగతా పిల్లలకు సంబంధాలు రావని తల్లిదండ్రుల భయం.

అన్నిటినీ మించినది వెలి. వెలి అంటే మాట్లాడకపోవడం ఒక్కటే కాదు. పురోహితుడు రాడు, వంటమనిషి రాడు, నీళ్ళు మోసేవారు రారు. చేతిలో డబ్బున్నా పని చేసేవారుండరు. పంతులుగారి ఇంటికి అదే గతి పట్టింది. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరి నుంచి స్వయంగా నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారికి వండి పెట్టారు.

పెళ్ళికి వెళ్ళినవారిని కులం నుంచి బహిష్కరించారు. వారిలో చాలామంది ప్రాయశ్చిత్తం చేయించుకుని బయటపడ్డారు. వారిని పిరికివారని తీసిపారేయడం తేలిక. కాని బంధువుల మీద, ఊరి మీద ఆధారపడి బతికే మనిషి ఎన్నాళ్ళు నిలబడగలడు? పంతులుగారిది సర్కారు జీతం. దాన్ని కులపెద్దలు ఆపలేరు. ఆయన ధైర్యానికి ఆ జీతం కొంత దన్నయింది.

రెండో దన్ను కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు. వితంతు వివాహాల కోసం ఆయన మొత్తం మీద సుమారు 30 వేల రూపాయలిచ్చారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. అది పెళ్ళి ఖర్చులకే సరిపెట్టేది కాదు. పెళ్ళయిన జంటను అటు పుట్టింటివారూ ఇటు అత్తింటివారూ గడప తొక్కనిచ్చేవారు కాదు. వారికి నీడ, తిండి, బతుకుతెరువు చూపవలసిన భారం కూడా పంతులుగారి మీదే పడింది. చుట్టాలూ ఇరుగుపొరుగూ ఇచ్చే ఆసరా పోతే, ఆ లోటు పూడ్చడానికి ఎంత ఖర్చవుతుందో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

అయినా వెనక్కి తగ్గలేదు. మరెన్నో పెళ్ళిళ్ళు చేశారు. వితంతువులకు శరణాలయం పెట్టారు. తన ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసి ఇచ్చారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూశారు. 1919 మే 27న పంతులుగారు మద్రాసులో తనువు చాలించారు.

పంతులుగారిని తలచుకున్నప్పుడు గోదావరి నుంచి బిందె మోసిన ఆ ఇల్లాలిని కూడా తలచుకోవాలి. ఆనాడు ఆ నీళ్ళు రాకపోతే ఆ పెళ్ళి పందిట్లో పొయ్యి వెలిగేది కాదు.