విద్యాప్రదాత బిషప్ కాటన్

బెంగళూరులోని బిషప్ కాటన్ బాలికల పాఠశాల పేరు వినని వారు అరుదు. ఆ పేరు గల మహనీయుని జీవితమెరిగిన వారు మాత్రం కొద్దిమందే.

జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ 1813 అక్టోబరు 29న ఇంగ్లండులోని చెస్టర్ నగరంలో జన్మించారు. రెండు వారాలు గడవకముందే, సైనికాధికారియైన తండ్రి యుద్ధరంగంలో అసువులు బాశారు. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1837లో రగ్బీ పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ప్రఖ్యాత విద్యావేత్త థామస్ ఆర్నాల్డ్ చెంత బోధనాధర్మాన్ని అలవరచుకొన్నారు. క్రమశిక్షణ సడలి, అప్పులలో మునిగియున్న మార్ల్‌బరో విద్యాలయానికి 1852లో ప్రధానోపాధ్యాయులై, ఆటలను సైతం విద్యలో భాగం చేసి, దానిని నిలబెట్టారు.

1858లో కలకత్తా బిషప్‌గా భారతదేశానికి వచ్చారు. ఇక్కడి పేద ఐరోపా, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పిల్లలు చదువుకు దూరమగుట చూసి, వారికై పాఠశాలలు నెలకొల్పుటకు పూనుకొన్నారు. 1865లో రెవరెండ్ శామ్యూల్ థామస్ పెట్టిగ్రూ బెంగళూరులో స్థాపించిన పాఠశాల ఆయన పేరనే వెలసినది.

మరుసటి సంవత్సరం అక్టోబరు 6న, కుష్టియాలో ఒక శ్మశానవాటికను ప్రతిష్ఠించి తిరిగివచ్చి, స్టీమరు ఎక్కబోతూ కాలుజారి నదిలో పడి మరణించారు. భౌతికకాయమైనా లభించలేదు.

సమాధి లేని ఆ గురువునకు బడులే స్మారకచిహ్నాలు. నాడు కొందరి పిల్లల కొరకే తెరచిన తలుపులు నేడు అన్ని మతాల, అన్ని భాషల బాలికలకు తెరచియున్నవి. ఒక గదిలో వెలిగించిన దీపం ఇల్లంతటికీ వెలుగు పంచుట విద్య యొక్క స్వభావమే కదా!