ఓల్డ్స్ లేని ఓల్డ్స్‌మొబిల్

1893లో లండన్‌కు చెందిన ఫ్రాన్సిస్ టైమ్స్ కంపెనీ ఒక ఆవిరి బండిని 400 డాలర్లకు కొన్నది. తయారైనది అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, లాన్సింగ్ పట్టణంలో. చేరవలసినది ఆ కంపెనీకి బొంబాయిలో ఉన్న శాఖకు. అమెరికాలో తయారై విదేశానికి అమ్ముడైన తొలి స్వయంచాలిత వాహనం అదేనని మోటారు చరిత్రకారులు పలువురు భావిస్తారు. అది బొంబాయి రేవుకు చేరినట్లు ఆధారం మాత్రం లేదు. దారిలో ఓడ మునిగిపోయిందనే కథ ఒకటి మిగిలింది. ఆ బండిని రూపొందించిన రాన్సమ్ ఎలై ఓల్డ్స్‌కు అప్పటికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. తరువాతి పదేళ్లలో ఆయన పేరు అమెరికా అంతటా మారుమోగింది. ఆ పేరుతో కార్ల తయారీ 107 ఏళ్లపాటు సాగింది. అందులో ఆయన పాత్ర ఉన్నది ఏడేళ్లే.

ఓల్డ్స్ 1864 జూన్ 3న ఒహాయో రాష్ట్రంలోని జెనీవాలో జన్మించారు. తండ్రి ప్లైనీ కమ్మరి పనిలోను, యంత్రాల పనిలోను నేర్పరి. 1880లో కుటుంబం లాన్సింగ్‌కు చేరింది. అక్కడ తండ్రి పెట్టిన చిన్న యంత్రశాలలోనే కుమారుడి అసలు చదువు సాగింది. 1885లో ఆయన అన్నగారి వాటా కొని తండ్రితో సమాన భాగస్వామి అయ్యారు. బొగ్గు, కట్టెలకు బదులు గ్యాసొలిన్ మంటతో పనిచేసే చిన్న ఆవిరి యంత్రాలను తయారుచేసి అమ్మారు. అవి చిన్న కార్ఖానాలకు అక్కరకు వచ్చాయి, వ్యాపారం నిలదొక్కుకుంది. 1887లో తొలి ఆవిరి బండిని నడిపారు. బొంబాయికి అమ్మినది రెండవది. గుర్రపుశాల వాసన తనకు పడేది కాదని, గుర్రం లేని బండి ఆలోచన అక్కడే పుట్టిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకునేవారట. ఆ వివరణ ఎంతవరకు నిజమైనా, ఆవిరిని వదిలి పెట్రోలు వైపు మళ్లడానికి కారణం మాత్రం లెక్కే. ఆవిరి బండికి బరువు ఎక్కువ, నీటి బెడద ఎక్కువ. 1896లో ఆయన పెట్రోలు బండి లాన్సింగ్ వీధుల్లో తిరిగింది.

1897 ఆగస్టు 21న స్థానిక పెట్టుబడిదారులు 50,000 డాలర్ల మూలధనంతో ఓల్డ్స్ మోటార్ వెహికల్ కంపెనీని స్థాపించారు. వీలైనంత లోపరహితంగా ఒకే ఒక బండిని తయారుచేయాలని డైరెక్టర్లు తొలుత తీర్మానించారు. కోట్లకు పెరిగిన ఒక పరిశ్రమ ఒక్క బండి తీర్మానంతో మొదలుకావడం ఈనాడు వింతగా తోస్తుంది. నాలుగు బండ్లు తయారయ్యేసరికి డబ్బు చాలలేదు. 1899లో రాగి గనుల్లోను, కలప వ్యాపారంలోను సంపన్నుడైన సామ్యూల్ స్మిత్ ముందుకు వచ్చారు. సంస్థ ఓల్డ్స్ మోటార్ వర్క్స్‌గా మారి డెట్రాయిట్‌కు తరలింది. మోటారు కార్ల కోసమే కట్టిన అమెరికా తొలి కర్మాగారాల్లో జెఫర్సన్ అవెన్యూలోని ఆ ఫ్యాక్టరీ ఒకటి. వాటాల్లో అధిక భాగం స్మిత్ కుటుంబానిది, నిర్వహణ ఓల్డ్స్‌ది. పేరు ఒకరిది, పెత్తనం మరొకరిది అయిన ఈ ఏర్పాటులోనే తరువాతి కలహానికి బీజం పడింది.

తొలి రోజుల్లో ఓల్డ్స్ రకరకాల నమూనాలు ప్రయత్నించారు. విద్యుత్తు బండ్లు కూడా చేశారు. నష్టాలు వచ్చాయి. చివరకు చిన్నదీ, తేలికైనదీ, తక్కువ ధరకు దొరికేదీ అయిన ఒక బండిపై ఆయన మనసు నిలిచింది. ముందుభాగం మంచు బండిలా వంపు తిరిగి ఉండేది కనుక దానికి కర్వ్‌డ్ డాష్ అనే పేరు వచ్చింది. ఒకే సిలిండర్ ఇంజను, చక్రానికి బదులు చేతికర్రతో నడిపే స్టీరింగ్, గొలుసు ద్వారా చలనం. ధర 650 డాలర్లు.

1901 మార్చి 9న డెట్రాయిట్ ఫ్యాక్టరీ మంటల్లో కాలిపోయింది. ఒక ఉద్యోగి ధైర్యంగా లోపలికి వెళ్లి కర్వ్‌డ్ డాష్ నమూనాను బయటికి నెట్టుకువచ్చాడని, మిగిలినది అదొక్కటే కావడం వల్లే ఓల్డ్స్ దాన్ని తయారుచేయవలసి వచ్చిందని తరతరాలుగా చెబుతూ వచ్చారు. చక్కని కథే. కానీ అగ్నిప్రమాదానికి ముందే ఆ బండికి ఆర్డర్లు రావడం మొదలైంది. నిప్పు ఎంచిపెట్టిన దారి కాదది, ఓల్డ్స్ అప్పటికే ఎంచుకున్న దారి.

ఫ్యాక్టరీ కాలిపోవడం మరొక మేలు చేసింది. విడిభాగాలన్నీ సొంతంగా చేసుకునే వీలు లేక ఆయన బయటి యంత్రశాలలను ఆశ్రయించారు. గేర్‌బాక్సులు డాడ్జ్ సోదరుల నుంచి, ఇంజన్లు హెన్రీ లీలండ్ నుంచి వచ్చాయి. డాడ్జ్ సోదరులు ఆ తరువాత హెన్రీ ఫోర్డ్‌కు విడిభాగాలు అందించి, అటుపైన తమ పేరుతోనే కార్లు చేశారు. లీలండ్ క్యాడిలాక్‌ను, తరువాత లింకన్‌ను నెలకొల్పారు. డెట్రాయిట్ మోటారు నగరం కావడానికి ఓల్డ్స్ ఆర్డర్లు ఎంత దోహదం చేశాయో ఈ రెండు పేర్లే చెబుతాయి. కర్మాగారంలో బండి చట్రాన్ని చక్రాల బల్లపై ఉంచి ఒక పనివాడి నుంచి మరొక పనివాడి వద్దకు నెట్టే పద్ధతిని ఆయన ప్రవేశపెట్టారు. ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను వచ్చింది 1913లో. దానికి పన్నెండేళ్ల ముందే ఓల్డ్స్ ఆ దారిలో నడిచారు. కీర్తి మాత్రం ఫోర్డ్‌కు దక్కింది.

ప్రచారం విలువ కూడా ఆయనకు తెలుసు. 1901 శరత్కాలంలో రాయ్ చేపిన్ అనే యువ ఉద్యోగిని కర్వ్‌డ్ డాష్ ఎక్కించి డెట్రాయిట్ నుంచి న్యూయార్క్ మోటారు ప్రదర్శనకు పంపారు. రోడ్లు బురదమయమైన చోట చేపిన్ ఈరీ కాలువ గట్టు మీదుగా, పడవలు లాగే కంచరగాడిదల దారిన బండి నడిపారు. ఏడున్నర రోజుల్లో న్యూయార్క్ చేరారు. ఆ చేపినే తదనంతరం హడ్సన్ మోటారు కంపెనీకి అధిపతి, అధ్యక్షుడు హూవర్ మంత్రివర్గంలో వాణిజ్య మంత్రి అయ్యారు. ఆర్డర్లు వెల్లువెత్తాయి. 1901లో 425 బండ్లు, 1902లో 2,500, 1903లో 4,000, 1904లో 5,500 పైచిలుకు తయారయ్యాయి. అమెరికాలో అప్పటికి ఇన్ని కార్లు చేసినవారు లేరు.

సరిగ్గా ఆ విజయపు శిఖరం మీదే విభేదం ముదిరింది. సామ్యూల్ స్మిత్ కుమారుడు ఫ్రెడరిక్ స్మిత్ పెద్ద కార్లు, ఖరీదైన కార్లు చేయాలన్నారు. చిన్న బండి మోజు త్వరలో తీరిపోతుందని, సంపన్నుల వైపు మళ్లకపోతే సంస్థకు భవిష్యత్తు ఉండదని ఆయన వాదన. సామాన్యుడి బండినే మరింత మెరుగుపరచాలన్నది ఓల్డ్స్ పట్టుదల. బండి చేసినవాడు ఆయనే అయినా ఓట్లు స్మిత్‌లవి. 1904లో ఆయన తన పేరును అక్కడే వదిలి బయటకు నడిచారు.

లాన్సింగ్ మిత్రులు ఆయనను ఊరకే కూర్చోనివ్వలేదు. 1904 ఆగస్టులోనే కొత్త సంస్థ ఏర్పాటైంది. ఈసారి ఓల్డ్స్ జాగ్రత్త పడ్డారు: 52 శాతం వాటా తన చేతిలోనే ఉంచుకున్నారు. కొత్త సంస్థకు తన పేరు పెట్టుకోబోతే పాత సంస్థ దావా వేస్తానని బెదిరించింది. తన ఇంటిపేరు తనకే కాకుండాపోయిన ఆ స్థితిలో ఆయన మూడు పొడి అక్షరాలు ఆర్, ఇ, ఓ కలిపి రియో అని పెట్టారు. మూడేళ్లు గడిచేసరికి రియో అమ్మకాల్లో ఓల్డ్స్‌మొబిల్‌ను దాటేసింది. 1905లో గస్ ఎడ్వర్డ్స్ స్వరపరచిన ఒక ప్రేమగీతం ఓల్డ్స్‌మొబిల్ పేరును ఇంటింటికీ చేర్చింది. కానీ ఖరీదైన కార్ల దారిపట్టిన ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోతూనే ఉంది.

1908లో విలియం డ్యురాంట్ మోటారు సంస్థలను ఒక్కటి చేసే యత్నం చేశారు. ఓల్డ్స్, ఫోర్డ్ ఇద్దరూ చెరి 30 లక్షల డాలర్లు రొక్కంగా ఇమ్మన్నారు. బేరం చెడింది. డ్యురాంట్ అదే ఏడాది జనరల్ మోటార్స్‌ను స్థాపించి, నవంబరులో ఓల్డ్స్‌మొబిల్‌ను కొన్నారు. అక్కడ ఆయనకు దక్కిన అసలు ఆస్తి ఆ పేరేనని, దారుల పక్కన నిలిపిన ప్రచార ఫలకాలేనని ఆనాటివారు చమత్కరించుకున్నారు. కొత్త నమూనా కోసం ఆయన ఒక బ్యూయిక్ కారు చెక్క శరీరాన్ని రంపంతో కోయించి, ముక్కలను ఎడంగా జరిపించి, అంత పెద్ద ఓల్డ్స్‌మొబిల్ చేయమన్నారట. ఆ కారు అమ్ముడుపోయింది.

1920లలో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ ధరల నిచ్చెన ఒకటి కట్టారు. అడుగున షెవ్రొలే, పైన క్యాడిలాక్. ఓల్డ్స్‌మొబిల్ నడుమ మెట్టు. చవక బండితో పుట్టి, విలాసపు కార్ల వైపు పరుగుతీసిన పేరు చివరకు మధ్యతరగతిలో కుదురుకుంది. షెవ్రొలేతో తృప్తి చెందని గృహస్థు, క్యాడిలాక్ అందని ఉద్యోగి అక్కడ ఆగేవారు. కొత్త సాంకేతికతకు పరీక్షాస్థలంగా కూడా ఆ మెట్టు అనువైనది. క్లచ్ తొక్కనక్కరలేని హైడ్రామాటిక్ గేర్లు 1940 నమూనా ఓల్డ్స్‌మొబిళ్లలోనే తొలుత వచ్చాయి.

ఓల్డ్స్ మాత్రం కార్ల మీద ఆసక్తిని క్రమంగా తగ్గించుకున్నారు. మోటారుతో నడిచే గడ్డికోత యంత్రం మీద పేటెంటు పొందారు. ఫ్లోరిడాలో టాంపా అఖాతం ఒడ్డున 37,000 ఎకరాలకు పైగా కొని ఓల్డ్స్‌మార్ అనే పట్టణానికి పునాది వేశారు. ఆ సాహసం ఆయనకు పెద్ద నష్టమే మిగిల్చింది. మిషిగన్ వ్యవసాయ కళాశాలలో ఇంజనీరింగ్ భవనం 1916లో కాలిపోతే పునర్నిర్మాణానికి లక్ష డాలర్లు ఇచ్చారు. అగ్నికి తన ఫ్యాక్టరీని కోల్పోయిన మనిషి చేసిన ఆ దానం గురించి చెప్పుకునేవారు తక్కువ. రియో 1936లో కార్లు మానేసి లారీలకే పరిమితమైంది. ఆ సంస్థ చేసిన స్పీడ్ వాగన్ అనే లారీ పేరును దశాబ్దాల తరువాత ఒక రాక్ సంగీత బృందం పెట్టుకుంది.

1949లో ఓల్డ్స్‌మొబిల్ రాకెట్ వి-8 ఇంజనుతో దేశాన్ని ఆకట్టుకుంది. మరుసటి ఏడాది 1950 ఆగస్టు 26న రాన్సమ్ ఓల్డ్స్ లాన్సింగ్‌లో కన్నుమూశారు. తన పేరుతో వెలసిన కారు ప్రాభవాన్ని ఆయన వీధి పక్క నుంచి చూశారు. లాన్సింగ్‌లో ఆయన నివసించిన భవనం తరువాత ఆనవాలు లేకుండా పోయింది. దాన్ని కూల్చి వేసిన రహదారికి ఆయన పేరే పెట్టారు.

పేరు మటుకు ఇంకా పైకి పోయింది. కట్లస్ నమూనా 1976లో అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన కారు. 1977లో ఆ బ్రాండు మొదటిసారి పదిలక్షల అమ్మకాలు దాటింది. పతనానికి దారి కూడా ఆ సంవత్సరమే తెరుచుకుంది. రాకెట్ ఇంజన్లు చాలక కొన్ని కార్లలో షెవ్రొలే ఇంజన్లు బిగించారని కొనుగోలుదారులు గ్రహించి న్యాయస్థానాలకు ఎక్కారు. ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది కింది మెట్టు బండినేనా అన్న సందేహం ఒకసారి పుట్టాక పోలేదు. 1978 నుంచి వచ్చిన డీజిల్ ఇంజన్లు వరుసగా చెడిపోయాయి. 1985లో అమ్మకాలు గరిష్ఠ స్థాయిని తాకి, ఆ తరువాత జారడం మొదలైంది. ఖర్చు తగ్గించడానికి ఒకే శరీరాన్ని నాలుగు బ్రాండ్ల మధ్య పంచడంతో నిచ్చెన మెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కింది మెట్టు షెవ్రొలేలోనే సౌకర్యాలన్నీ దొరికాయి. జపాన్ కార్లు మన్నికలో ముందుకు వెళ్లాయి. నడుమ మెట్టు మీద నిలబడే కారణం కరిగిపోయింది. ఇది తండ్రుల కాలపు కారు కాదంటూ 1988లో చేసిన ప్రచారం పాత అభిమానులను నొప్పించింది, కొత్తవారిని రప్పించలేదు.

2000 డిసెంబరు 12న జనరల్ మోటార్స్ ఆ బ్రాండును ముగిస్తున్నట్లు ప్రకటించింది. 2004 ఏప్రిల్ 29న లాన్సింగ్ కర్మాగారంలో చివరి ఓల్డ్స్‌మొబిల్, అలేరో అనే ఒక సెడాన్, అసెంబ్లీ లైను నుంచి బయటికి వచ్చింది. దానిపై కార్మికులు తమ సంతకాలు చేశారు.